మెకానికల్ కీబోర్డు స్విచ్‌లు వేలికి ఎలా ఉంటాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

మెకానికల్ కీబోర్డు కొందామనుకునే ఫ్రెండ్స్ అటూ ఇటూగా అందరూ ఇవే అడుగుతుంటారు. ప్రతిసారీ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నా. కొలతలు కంపెనీలు చెప్పినవి, అభిప్రాయాలు మాత్రం నావి, వాటితో మీకు పేచీ ఉంటే ఉండనివ్వండి.

మామూలు కీబోర్డుకీ దీనికీ తేడా చేతికి ఎక్కడ తెలుస్తుంది?

మామూలు కీబోర్డులో కీల కింద ఒక రబ్బరు పొర పరిచి ఉంటుంది. కీ నొక్కితే ఆ రబ్బరు బుడిపె కూలి కింద ఉన్న రెండు పొరల్ని కలుపుతుంది, అప్పుడు అక్షరం పడుతుంది. అంటే దాదాపు అడుగుదాకా నొక్కాల్సిందే. కొన్నాళ్లకి ఎక్కువగా వాడే కీల కింద రబ్బరు అలిసిపోయి ఒక్కో కీ ఒక్కోలా తయారవుతుంది.

మెకానికల్‌లో ప్రతి కీకీ సొంత స్విచ్ ఉంటుంది. అందులో ఒక స్ప్రింగు, పైకీ కిందకీ కదిలే ప్లాస్టిక్ కాడ, పక్కన ఒక సన్నటి లోహపు రేకు ఉంటాయి, ఈ కాడనే అందరూ స్టెమ్ అంటారు. మొత్తం ప్రయాణం దాదాపు 4 మిల్లీమీటర్లు, అక్షరం పడేది సగం దారిలో, 2 మిల్లీమీటర్ల దగ్గర. మిగతా సగం మీ ఇష్టం. ఆ సగంలోనే అలవాట్లన్నీ ఉన్నాయి, కొందరు అక్కడే ఆగి పైకి వచ్చేస్తారు, కొందరు టేబుల్ అదిరేలా గుద్దుతారు.

రెడ్, బ్రౌన్, బ్లూ అంటారు, రంగు చూసి ఫీల్ చెప్పొచ్చా?

సగం చెప్పొచ్చు. ఈ రంగులు చెర్రీ అనే కంపెనీ పెట్టినవి. అమెరికాలో 1953లో మొదలై తర్వాత జర్మనీకి మకాం మార్చిన కంపెనీ ఇది, 1980లలో ఎంఎక్స్ స్విచ్‌లు తెచ్చింది, లోపల కాడ ఏ రంగులో ఉంటే స్విచ్‌ని ఆ పేరుతో పిలిచారు. 2014 ప్రాంతంలో ఆ పేటెంటు అయిపోయేసరికి చైనాలోని గేటెరాన్, కైల్, అవుటెము లాంటి కంపెనీలు అదే ఆకారంలో స్విచ్‌లు పోటీపడి చేశాయి, రంగులూ అవే ఉంచాయి. అందుకని రెడ్ అంటే ఎక్కడైనా తేలికపాటి లీనియర్ (అడ్డు లేకుండా దిగేది), బ్రౌన్ అంటే టాక్టైల్ (దారిలో ఉబ్బు తగిలేది), బ్లూ అంటే క్లిక్కీ (ఉబ్బుతో పాటు క్లిక్‌మనేది). ఇక్కడిదాకా నమ్మొచ్చు.

ఆ తర్వాత ఎల్లో, సిల్వర్, పింక్, పర్పుల్, పండ్ల పేర్లు, పక్షుల పేర్లు, వీటికి రూలేమీ లేదు. కైల్ బాక్స్ పింక్ టకటకలాడే క్లిక్కీ స్విచ్, చెర్రీలో కాడ గులాబీగా ఉన్నదేమో సైలెంట్ రెడ్, నిశ్శబ్దంగా ఉండే లీనియర్. షాపులో పింక్ ఇవ్వండి అంటే ఏదొస్తుందో దేవుడికెరుక. కాబట్టి రంగు అడక్కండి, ఏ రకం, ఎంత బరువు, అక్షరం ఎంత లోతులో పడుతుంది అని అడగండి. షాపువాడికి తెలీకపోతే డబ్బా మీద మోడల్ పేరు చూసి ఫోన్లో వెతకండి, రెండు నిమిషాల పని.

లీనియర్, టాక్టైల్, క్లిక్కీ: వేలికి ఎలా తెలుస్తాయి?

లీనియర్‌లో పైనుంచి కిందదాకా ఏ అడ్డూ ఉండదు. స్ప్రింగు కొద్దికొద్దిగా బరువెక్కుతుంది, అంతే. అక్షరం ఎప్పుడు పడిందో వేలికి తెలీదు, అందుకని కొత్తవాళ్లు ప్రతి కీనీ అడుగుదాకా కొడతారు, అలా కొట్టినప్పుడు వచ్చే చప్పుడే వాళ్లకి ఆనవాలు. వేలు ఊరికే ఆనించినా అక్షరం పడిపోయే చిక్కు కూడా తేలికపాటి లీనియర్లకే ఎక్కువ. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఈ సంగతి బాగా తెలిసొస్తుంది.

టాక్టైల్ చొక్కా టిచ్ బటన్ లాంటిది: నొక్కుతుంటే కాసేపు మొండికేస్తుంది, ఒక చోట టక్కున లొంగిపోతుంది. లోపల కాడ మీద చిన్న ఉబ్బు ఉంటుంది, లోహపు రేకు దాని మీదుగా జారేటప్పుడు తగిలే అడ్డే ఇది. ఈ ఉబ్బు ఎంత పెద్దది అనేదానికంటే ఎక్కడుంది అనేది ముఖ్యం, దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. చెర్రీ బ్రౌన్‌లో కీ కొంచెం దిగాక గానీ ఉబ్బు తగలదు, అది కూడా చిన్నది. హోలీ పాండా రకం స్విచ్‌లలో వేలు పెట్టిన క్షణం నుంచే ఉబ్బు మొదలవుతుంది, గుండ్రంగా, పెద్దగా ఉంటుంది, దాటాక కీ తనంతట తానే కిందికి పడిపోతుంది. రెంటినీ టాక్టైల్ అనే అంటారు, పక్కపక్కన పెట్టి నొక్కితే మాత్రం ఒకే జాతివని నమ్మబుద్ధి కాదు.

క్లిక్కీలో ఉబ్బుతో పాటు శబ్దం కూడా కావాలనే పెట్టారు. చెర్రీ బ్లూ లోపల కాడ రెండు ముక్కలు. పై ముక్క దిగుతుంటే కింది ముక్క కాసేపు ఆగి, ఒక్కసారిగా జారి ఠక్కుమని కొట్టుకుంటుంది. దీనికో విచిత్రం ఉంది, అక్షరం పడిన చోటుకంటే బాగా పైకి వస్తే గానీ కీ మళ్లీ తయారవదు, అందుకే ఒకే అక్షరం గబగబా రెండుసార్లు కొట్టాలంటే బ్లూ కాస్త విసిగిస్తుంది. కైల్ బాక్స్ వైట్, బాక్స్ జేడ్ లాంటి వాటిలో పద్ధతి వేరు, లోపల ఒక సన్నటి తీగ ఉంటుంది, కాడ దాన్ని మీటుకుంటూ వెళ్తుంది, మీటినప్పుడు క్లిక్ వస్తుంది. జేడ్‌లో తీగ లావు కాబట్టి దెబ్బ గట్టిగా ఉంటుంది. నా మటుకు నాకు బ్లూ కంటే జేడ్ శబ్దమే ఇష్టం, బ్లూలో గలగల ఎక్కువ, జేడ్ ఖచ్చితంగా ఒక్క దెబ్బతో ఊరుకుంటుంది. ఇంట్లోవాళ్ల అభిప్రాయం వేరేగా ఉండొచ్చు.

బ్రౌన్ వేస్ట్ అని అందరూ అంటారు, నిజమేనా?

కాదు. ఉబ్బు కోసం బ్రౌన్ కొంటే నిరాశ తప్పదు, అది ఇసుక తగిలిన రెడ్‌లా ఉంటుందని వెక్కిరించేవాళ్లు ఉన్నారు, ఆ వెక్కిరింపులో కొంత నిజం ఉంది. కానీ ల్యాప్‌టాప్ నుంచి మొదటిసారి మెకానికల్‌కి వచ్చేవాడికి, ఆఫీసులో పక్కవాడితో గొడవ పెట్టుకోకూడదనుకునేవాడికి, రోజంతా ఎక్సెల్‌లో అంకెలు కొట్టేవాడికి అది నప్పుతుంది. అసలు బ్రౌన్‌ని తిట్టేవాళ్లలో చాలామంది అది వాడే ఇక్కడిదాకా వచ్చారు.

45 గ్రాములు, 60 గ్రాములు అంటే వేలికి ఎంత? ఇంట్లో కొలుచుకోవచ్చా?

అక్షరం పడటానికి కీ మీద ఎంత బరువు మోపాలో ఆ లెక్క ఇది. చెర్రీ దీన్ని సెంటీన్యూటన్లలో చెప్తుంది, మిగతావాళ్లు గ్రాముల్లో చెప్తారు, 1 గ్రాము బలం అంటే దాదాపు 0.98 సెంటీన్యూటన్ కాబట్టి ఒకటే అనుకోండి. చెర్రీ లెక్కలో రెడ్ 45, బ్రౌన్ 55, బ్లాక్, బ్లూ రెండూ 60. బ్లాక్ అంటే బరువైన రెడ్ అనుకోవచ్చు. గేటెరాన్ ఎల్లో ఈ రెంటికీ మధ్యలో 50 దగ్గర ఉంటుంది, తక్కువ డబ్బుకి మంచి లీనియర్ కావాలంటే ఎన్నో ఏళ్లుగా అందరూ చెప్పే పేరు అదే.

కొలవడానికి పది రూపాయల నాణేలు చాలు. ఒక్కోటి దాదాపు 7.7 గ్రాములు. మన దగ్గర కిరాణా షాపుల్లో తీసుకోం అని మొండికేస్తారు గనక ఇంట్లో పోగుపడే ఉంటాయి, ఇందుకైనా పనికొస్తాయి. నాణెం కీ కంటే వెడల్పు కాబట్టి కొలిచే కీ చుట్టుపక్కల ఉన్న కీక్యాప్‌లు, అంటే కీల మీదుండే ప్లాస్టిక్ టోపీలు, ముందు పీకేయండి. నోట్‌ప్యాడ్ తెరిచి, ఒక్కో నాణెం నెమ్మదిగా పేర్చండి. ఆరు నాణేలు 46 గ్రాములకి దగ్గర, ఎనిమిదైతే 62కి దగ్గర. రెడ్ అయితే ఆరు దగ్గర అక్షరం పడాలి, బ్లాక్ అయితే ఎనిమిది దగ్గర. కీక్యాప్ బరువు కూడా ఒకటి రెండు గ్రాములు తోడవుతుంది, దాన్ని పట్టించుకోకపోయినా ఫర్వాలేదు.

ఇందులో అసలు చూడాల్సింది అంకె కాదు. లీనియర్ మీద పేరుస్తుంటే మొదటి రెండు మూడు నాణేలకి కదలదు, ఆ తర్వాత ఒక్కో నాణేనికి కొంచెం కొంచెం దిగుతూ వస్తుంది. గట్టి టాక్టైల్ మీద పేరుస్తుంటే నాణేలు పెడుతూనే ఉంటారు, పెద్దగా ఏమీ జరగదు, ఒక నాణెం దగ్గర మొత్తం దొంతర ధబ్బున కిందికి పోతుంది. ఉబ్బు దాటాక కావాల్సిన బలం తగ్గిపోతుంది కాబట్టి మధ్యలో ఆగడానికి దానికి చోటు లేదు. లీనియర్‌కీ టాక్టైల్‌కీ తేడా ఇంట్లో పిల్లలకి చూపించాలంటే ఇంతకంటే మంచి మార్గం నాకు తెలీదు.

డబ్బా మీద బరువు ఒకటే ఉన్నా రెండు కీబోర్డులు వేరుగా ఎందుకు అనిపిస్తాయి?

డబ్బా మీద రాసేది ఒక్క చోట బరువు. మొత్తం దారిలో ఏం జరుగుతుందో అది చెప్పదు. 45 దగ్గర అక్షరం పడే రెండు స్ప్రింగుల్లో ఒకటి మొదట్లో బాగా మెత్తగా ఉండి చివర్లో గట్టిపడొచ్చు, ఇంకోటి పొడవాటి స్ప్రింగు కాబట్టి మొదట్నుంచి చివరిదాకా దాదాపు ఒకేలా ఉండొచ్చు. మొదటిది అడుగున ఎదురు తిరుగుతుంది, రెండోది సాఫీగా పోయి చప్పున పైకి నెడుతుంది.

తర్వాత రాపిడి. కాడ పక్కగోడలకి రాసుకుంటూ దిగుతుంది, అచ్చు బాగా పోయని స్విచ్‌లో ఆ గరగర వేలికి తెలుస్తుంది, ముఖ్యంగా ఒక కీని చాలా నెమ్మదిగా నొక్కినప్పుడు. కాడ అటూ ఇటూ ఊగడం ఇంకోటి, వేలు కీ మూల మీద పడితే కీ పక్కకి ఒరిగి దిగుతుంది.

స్విచ్‌తో సంబంధం లేనివీ ఉన్నాయి. స్విచ్‌లు బిగించే ప్లేటు ఇత్తడిదో అల్యూమినియందో అయితే అడుగున దెబ్బ గట్టిగా తగులుతుంది, పాలీకార్బొనేట్ అయితే కొంచెం వంగి మెత్తగా తీసుకుంటుంది. కీక్యాప్ ఏబీఎస్ ప్లాస్టిక్‌ది అయితే కొన్నాళ్లకి నూనె పూసినట్టు మెరుస్తుంది, పీబీటీ ప్లాస్టిక్‌ది అయితే గరుకుదనం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇంకో మాట, డెస్క్ మ్యాట్ వేసి ఒకసారి, తీసేసి ఒకసారి కొట్టి చూడండి. అదే కీబోర్డు, రెండు గొంతులు.

బ్యాంకుల్లో ఉండే టీవీఎస్ గోల్డ్ లాంటి ఫీల్ కావాలి, ఏం కొనాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువగా నలభై దాటినవాళ్లు. బ్యాంకు కౌంటర్లో, రిజర్వేషన్ కౌంటర్లో, చిక్కడపల్లి, నారాయణగూడ వైపు డీటీపీ సెంటర్లలో టకటకమంటూ వినపడిన ఆ తెల్లటి కీబోర్డు. మెకానికల్ కీబోర్డు అనే మాట ఇక్కడ ఫ్యాషన్ కాకముందే మనలో చాలామంది దాని మీద చెయ్యి పెట్టాం. పాత బోర్డుల్లో ఉన్నవి చెర్రీ బ్లూ స్విచ్‌లే. కాబట్టి అదే ఫీల్ కావాలంటే చెర్రీ బ్లూ ఉన్న ఏ బోర్డయినా దగ్గరికి వస్తుంది. ఇప్పుడు కొత్తగా గోల్డ్ కొంటున్నా లోపల ఏ స్విచ్ ఉందో అడిగి కొనండి, పేరు చూసి సంచిలో వేసుకోకండి.

టైప్ ఇన్‌స్టిట్యూట్లో లోయర్, హయ్యర్ పాసైన పెద్దవాళ్లకి మాత్రం బ్లూ కూడా తేలిగ్గా అనిపిస్తుంది, టైపు మిషన్ మీద అలవాటైన వేళ్లు అవి. వాళ్లకి చెర్రీ గ్రీన్, లేదా కైల్ బాక్స్ నేవీ చూపించండి, రెండూ బరువైన క్లిక్కీలు. ఐబీఎం మోడల్ ఎం అని 1980ల నాటి కీబోర్డు ఇంకోటి ఉంది, అందులో స్ప్రింగే వంగి క్లిక్ అంటుంది, ఎంఎక్స్ స్విచ్‌లతో దానికి చుట్టరికం లేదు. పాత ఆఫీసు సామాన్లలో కనపడితే మాత్రం వదలకండి.

పీజీలో ఉంటా, రూమ్మేట్‌కి నైట్ షిఫ్ట్, పగలు పడుకుంటాడు. నాకేది?

సైలెంట్ స్విచ్‌లు, వేరే ఆలోచనే వద్దు. అమీర్‌పేట, మాదాపూర్ పీజీల్లో ఒక్కో గదికి ముగ్గురు నలుగురు ఉంటారు, గోడలు ఎంత పల్చగా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. సైలెంట్ స్విచ్‌లో కాడకి కిందా పైనా చిన్న రబ్బరు ముక్కలు ఉంటాయి, అడుగుకి తగిలే చప్పుడూ, తిరిగి పైకి కొట్టుకునే చప్పుడూ రెండూ చచ్చిపోతాయి. చెర్రీ సైలెంట్ రెడ్ అలాంటిదే, ప్రయాణం కూడా 3.7 మిల్లీమీటర్లకి తగ్గుతుంది. దీనికి చెల్లించే మూల్యం ఏమిటంటే అడుగున దెబ్బ మెత్తగా, తడి నేల మీద కాలు పెట్టినంత నీరసంగా ఉంటుంది, కొందరికి అది అస్సలు పడదు.

ఉబ్బూ కావాలి, చప్పుడూ వద్దు అంటే బోబా యూ4 అని ఉంది. పేరు జాగ్రత్త, చివర్లో టీ ఉన్న యూ4టీ వేరే స్విచ్, దాని చప్పుడు గట్టిది. ఆర్డర్ చేసేటప్పుడు ఒక్క అక్షరం తేడాతో రూమ్మేట్ లేచి కూర్చుంటాడు.

ఎంత సైలెంట్ స్విచ్ అయినా స్పేస్ బార్, ఎంటర్ మోగుతాయి, పొడుగు కీలు ఒరక్కుండా వాటి కింద ఉండే స్టెబిలైజర్ తీగల వల్ల. అక్కడ కాస్త గ్రీజు పూస్తే సగం గోల పోతుంది.

ఆఫీసుకి తీసుకెళ్లొచ్చా?

బ్లూ వద్దు. హైటెక్ సిటీ ఆఫీసుల్లో అందరూ ఒకే హాల్లో కూర్చుంటారు, మీటింగులో మైకు ఆన్ చేసి నోట్స్ కొడితే బెంగళూరులో ఉన్న టీమ్ మొత్తానికి వినపడుతుంది. రెడ్, బ్రౌన్, సైలెంట్ ఏదైనా ఓకే.

తెలుగులో టైప్ చేసేవాళ్లకి ఏ స్విచ్ నయం?

ఇది మీరు ఏ పద్ధతిలో కొడతారు అన్నదాన్ని బట్టి మారుతుంది, నేను ఎక్కువగా ఆలోచించింది కూడా దీని గురించే, ఎందుకంటే యూట్యూబ్‌లో చెప్పే సలహాలన్నీ ఇంగ్లిష్ కొట్టే వేళ్లని దృష్టిలో పెట్టుకున్నవి.

ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక లేఅవుట్) వాడేవాళ్లకి గుణింతాల గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. చేతులు మార్చి మార్చి కొడతాం, అది హాయిగానే ఉంటుంది. అసలు బరువంతా డి కీ మీద పడుతుంది, అక్కడే పొల్లు ఉంది, ఒత్తు రావాలంటే ప్రతిసారీ దాన్ని కొట్టాలి. 'రాష్ట్రం' అని రాస్తే రెండుసార్లు డి కీ దగ్గరికి వెళ్లాలి. వేగంగా కొట్టేటప్పుడు ఈ పొల్లు పడిందో లేదో తెలియకపోతే 'రాషట్రం' అని పడి ఉంటుంది, తర్వాత వెనక్కెళ్లి దిద్దుకోవాలి. అందుకే ఇన్‌స్క్రిప్ట్ వాళ్లకి నా ఓటు టాక్టైల్‌కి, పడిన సంగతి వేలికి తెలుస్తుంది.

లేఖిని లాంటి వాటిలో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేవాళ్ల కష్టం వేరు. ట, డ, ణ, ళ అన్నిటికీ షిఫ్ట్, సున్నాకి షిఫ్ట్, దీర్ఘాలకి కూడా చాలామందికి షిఫ్టే అలవాటు. అదే 'రాష్ట్రం'లో షిఫ్ట్ మూడుసార్లు. ఈ పనంతా చిటికెన వేలిది, చేతిలో అన్నిటికంటే బలం తక్కువ వేలు. 60 గ్రాములు దాటిన స్విచ్ తీసుకుంటే సాయంత్రానికి ఆ వేలు మొరాయిస్తుంది. హాట్‌స్వాప్ బోర్డు, అంటే స్విచ్‌లు పీకి మార్చుకోగలిగేది, ఉంటే ఒక ఉపాయం ఉంది, రెండు షిఫ్ట్ కీల కింద మాత్రం తేలికైన లీనియర్ పెట్టుకోండి, మిగతావి మీకు నచ్చినవే ఉంచండి. బోర్డు అందం పాడవుతుందని ఎవరైనా అంటే, పైన కీక్యాప్ ఉంటుంది, కింద ఏముందో ఎవరికీ కనపడదు.

అను ఫాంట్లతో యాపిల్ లేఅవుట్లో కొట్టే డీటీపీ ఆపరేటర్లకి సలహా ఇచ్చేంత వాడిని కాను. వాళ్లు ఏ కీబోర్డు మీదైనా మనకంటే వేగంగా కొడతారు.

స్విచ్ మారిస్తే టైపింగ్ స్పీడ్ పెరుగుతుందా?

పెరగదు. మొదటి వారం తగ్గుతుంది కూడా.

గేమింగ్‌కి ఏది? హాల్ ఎఫెక్ట్ అంటే ఏంటి?

మామూలు ఆటలకి ఏ లీనియర్ అయినా సరిపోతుంది. చెర్రీ స్పీడ్ సిల్వర్‌లో అక్షరం 1.2 మిల్లీమీటర్ల దగ్గరే పడుతుంది, ఆటలో అది లాభం, కానీ ఆఫీసు మెయిల్ కొట్టేటప్పుడు వేలు తగిలితే చాలు తప్పులు.

హాల్ ఎఫెక్ట్ స్విచ్‌లో లోహపు రేకు కలవడం ఉండదు. కాడలో అయస్కాంతం, కింద బోర్డు మీద దాని దూరాన్ని కొలిచే సెన్సరు. దాంతో ఏ లోతులో అక్షరం పడాలో సాఫ్ట్‌వేర్‌లో మీరే పెట్టుకోవచ్చు. ర్యాపిడ్ ట్రిగ్గర్ అని ఇంకోటి ఉంది, వేలు కొంచెం పైకి లేవగానే కీ వదిలినట్టు లెక్క, మళ్లీ కొంచెం దిగగానే నొక్కినట్టు లెక్క, ఎంత లోతులో ఉన్నా సరే. నెదర్లాండ్స్ కంపెనీ వూటింగ్ దీనికి పేరు తెచ్చింది, ఇప్పుడు అందరూ చేస్తున్నారు. షూటింగ్ గేముల్లో అటూ ఇటూ ఆగి ఆగి కదిలేవాళ్లకి తేడా నిజంగానే తెలుస్తుంది. ఎదురెదురు దిక్కుల కీలని కీబోర్డే సర్దిపెట్టే సౌకర్యం మాత్రం వేరే సంగతి, దాన్ని కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో 2024 ఆగస్టులో నిషేధించారు, వాడితే ఆటలోంచి గెంటేస్తారు.

ఫీల్ విషయానికొస్తే హాల్ ఎఫెక్ట్ స్విచ్‌లు దాదాపు అన్నీ లీనియర్లే, రేకు రాపిడి లేదు కాబట్టి చాలా నున్నగా దిగుతాయి. ఉబ్బు ఇష్టపడేవాళ్లకి ఇక్కడ పనేం లేదు.

చెర్రీయే కొనాలా, చైనావి కొంటే నష్టమా?

చెర్రీ గట్టిది, ఏళ్లతరబడి నడుస్తుంది, అందులో సందేహం లేదు. కానీ నున్నగా ఉండటంలో గేటెరాన్ చాలాకాలంగా ముందుంది. అదే రెడ్ రెండు కంపెనీలవీ పక్కన పెట్టుకుని నెమ్మదిగా నొక్కండి, చెర్రీలో గరుకుదనం తగులుతుంది. అవుటెము అన్నిటికంటే చవక, ఇక్కడ రెండు మూడు వేల రూపాయల బోర్డుల్లో ఎక్కువగా కనపడేది అదే, ఒక స్విచ్‌కీ ఇంకో స్విచ్‌కీ కాస్త తేడా ఉంటుంది, అయినా ఆ ధరకి వంక పెట్టడం అన్యాయం. 5 కోట్ల నొక్కులు, 10 కోట్ల నొక్కులు అని డబ్బా మీద రాసేది చూసి ఎంచుకోకండి, అంతవరకూ మీరు అదే కీబోర్డు వాడరు.

టోప్రే గురించి తెగ పొగుడుతారు, అంత ఉందా?

జపాన్ కంపెనీది, లోపల రబ్బరు బుడిపే ఉంటుంది, దాని కింద శంఖంలా చుట్టిన స్ప్రింగు, బోర్డు విద్యుత్ కెపాసిటెన్స్ మార్పు చూసి కీ నొక్కినట్టు తెలుసుకుంటుంది. ఫీల్ చాలా బాగుంటుంది, గుండ్రంగా, మెత్తగా, ఉబ్బు పైనే తగిలి జారిపోతుంది. ధర మాత్రం మనకి దిగుమతి ఖర్చులతో కలిపి కళ్లు తిరిగేంత. రబ్బరు కీబోర్డుకి ఇంతా అని అమ్మ అడిగితే సమాధానం చెప్పడం కష్టం.

ల్యూబ్ చేయడం, అంటే స్విచ్ లోపల గ్రీజు పూయడం, తప్పనిసరా? ఇంట్లో ఉన్న నూనె వాడొచ్చా?

తప్పనిసరి కాదు, ఇప్పుడొచ్చే చాలా స్విచ్‌లకి ఫ్యాక్టరీలోనే పూసి పంపుతున్నారు. పాత చెర్రీల్లాంటి గరగర స్విచ్‌లకి మాత్రం పూస్తే రూపమే మారిపోతుంది. లీనియర్లకి క్రైటాక్స్ 205జీ0 అనే గ్రీజు వాడతారు, సన్న బ్రష్‌తో, తడి కనపడీ కనపడనంత పల్చగా. టాక్టైల్‌లో కాడ కాళ్ల మీద, అంటే ఉబ్బు ఉన్న చోట, పూయొద్దు, పూస్తే ఉబ్బు మొద్దుబారిపోతుంది. క్లిక్కీలని అసలు ముట్టుకోకండి, క్లిక్ చచ్చిపోతుంది.

కొబ్బరి నూనె వద్దు. నవ్వకండి, అడిగినవాళ్లు ఉన్నారు. డిసెంబరులో సీసాలో గడ్డకట్టే నూనె స్విచ్‌లో మాత్రం గడ్డకట్టకుండా ఉంటుందా, పైగా కొన్నాళ్లకి కంపు కొడుతుంది. కుట్టుమిషన్ నూనె కూడా వద్దు, పల్చగా కారిపోయి కాంటాక్టుల మీద దుమ్ము పట్టిస్తుంది.

హాట్‌స్వాప్, 3 పిన్, 5 పిన్, ఇవేంటి?

హాట్‌స్వాప్ అంటే సోల్డరింగ్ లేకుండా స్విచ్ పీకి వేరేది గుచ్చుకోవచ్చు. ఏది నచ్చుతుందో తెలియని దశలో ఇలాంటి బోర్డే కొనండి, ఈ పేజీలో సగం ప్రశ్నలు అవసరమే ఉండవు. 5 పిన్ స్విచ్‌కి రెండు లోహపు కాళ్లు, మధ్యలో లావుపాటిది కాక పక్కన రెండు సన్నటి ప్లాస్టిక్ కాళ్లు ఉంటాయి. మీ బోర్డుకి 3 పిన్ రంధ్రాలే ఉంటే ఆ రెండు సన్న ప్లాస్టిక్ కాళ్లని గోళ్లు కత్తిరించుకునే కట్టర్‌తో కత్తిరించేయండి. గుచ్చేటప్పుడు లోహపు కాళ్లు నిటారుగా ఉన్నాయో లేదో చూడండి, కొత్తవాళ్లలో కీ పనిచేయట్లేదనే ఫిర్యాదు ఎక్కువగా వంగిన కాలు వల్లే. ఆప్టికల్ (కాంతితో నొక్కు పసిగట్టేవి), హాల్ ఎఫెక్ట్ స్విచ్‌లు మామూలు బోర్డుల్లో పనిచేయవు, వాటి లోకం వేరు.

హైదరాబాద్‌లో చేత్తో నొక్కి చూసి ఎక్కడ కొనొచ్చు?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్. మెట్రోలో ప్యారడైజ్ స్టేషన్లో దిగితే దగ్గరే. తెరిచి పెట్టిన బోర్డులు అన్ని షాపుల్లో ఉండవు, ఒకట్రెండు షాపులు తిరగాల్సి వస్తుంది, వర్కింగ్ డే పొద్దున వెళ్తే వాళ్లకీ చూపించే ఓపిక ఉంటుంది. విడి స్విచ్‌లు మాత్రం ఆన్‌లైన్‌లోనే ఎక్కువ రకాలు దొరుకుతాయి.

షాపులో చాలామంది ఏదో ఒక కీని వేలితో పదిసార్లు టకటక కొట్టి బాగుందంటారు. దానివల్ల ఏమీ తెలీదు. రెండు చేతులూ పెట్టి మీ పేరు, మీ అడ్రస్, ఒక పొడుగు వాక్యం కొట్టండి. తర్వాత ఒకే కీని ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా నొక్కండి, గరుకు బయటపడుతుంది. స్పేస్ బార్ రెండు చివర్లా, మధ్యలో, మొత్తం మూడు చోట్లా నొక్కండి. స్విచ్ టెస్టర్ అని చిన్న పలక మీద తొమ్మిది స్విచ్‌లు పెట్టి అమ్ముతారు, లీనియర్‌కీ టాక్టైల్‌కీ తేడా తెలుసుకోవడానికి పనికొస్తుంది, శబ్దం విషయంలో దాన్ని నమ్మకండి, ప్లేటూ కీబోర్డు కేసూ లేకుండా వచ్చే శబ్దం వేరు. యూట్యూబ్ వీడియోల్లో శబ్దం అంతకంటే మోసం, మైకు ఎక్కడ పెడితే అలా వినపడుతుంది.

వేళ్లు నొప్పిగా ఉన్నాయి, తేలికైన స్విచ్ మారిస్తే తగ్గుతుందా?

కొంత సాయం చేయొచ్చు. కానీ ముందు కుర్చీ ఎత్తు, మణికట్టు పైకి వంగి ఉందా అన్నది చూడండి, మెకానికల్ బోర్డులు ల్యాప్‌టాప్ కంటే ఎత్తు కాబట్టి మణికట్టు సులభంగా వంగిపోతుంది. నొప్పి వదలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, షాపుకి కాదు.

ఇరానీ చాయ్ ఒలికింది, ఏం చేయాలి?

వెంటనే కేబుల్ పీకి బోర్డు బోర్లించండి. పాలూ చక్కెరా కలిసిన చాయ్ ఎండితే జిగురవుతుంది, కీ దిగితే పైకి రాదు, అందుకే ఎండేదాకా ఊరుకోవద్దు. కీక్యాప్‌లు సబ్బు నీళ్లలో వేయండి. హాట్‌స్వాప్ అయితే తడిసిన స్విచ్‌లు పీకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి, బోర్డుని కూడా అదే అద్దిన గుడ్డతో తుడవండి. కైల్ బాక్స్ స్విచ్‌లకి దుమ్మూ నీటి చుక్కల నుంచి ఐపీ56 స్థాయి రక్షణ ఉంటుంది, స్విచ్ బతకొచ్చు, కింద సర్క్యూట్ బోర్డుకి మాత్రం ఆ హామీ లేదు. ఉస్మానియా బిస్కెట్ పొడికి బ్లోయర్ చాలు.

ఒక్కసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడుతోంది, కీబోర్డు పోయినట్టేనా?

పోలేదు. లోహపు రేకు మీద మురికో తుప్పో చేరి, కలిసేటప్పుడు సన్నగా అదురుతోంది, కీబోర్డు దాన్ని రెండు నొక్కులు అనుకుంటోంది. ముందు కీక్యాప్ తీసి బ్లోయర్‌తో ఊది, ఆ కీని కాసేపు గబగబా కొట్టి చూడండి, చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో డీబౌన్స్ అనే సెట్టింగ్ ఉంటే కొద్దిగా పెంచండి. హాట్‌స్వాప్ అయితే ఆ స్విచ్‌ని మీరెప్పుడూ వాడని స్క్రోల్ లాక్ కిందికి మార్చి, దాని కింద ఉన్నది ఇక్కడ పెట్టుకోండి. సోల్డర్ బోర్డు అయితే ఒక్క స్విచ్ మార్చడం మొబైల్ రిపేర్ చేసేవాళ్లకి చిన్న పనే, స్విచ్ మాత్రం మీరే తీసుకెళ్లండి.